కూరకు లేత కాయ, క్లాసుకు ముదురు కాయ

మేం గుంటూరు కొరిటెపాడులో అద్దెకుంటాం. రెండో అంతస్తు, పైన డాబా. నేను ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. ఆరు నుంచి తొమ్మిది దాకా ప్రతి సెక్షన్‌కూ వారానికి ఒక్క పీరియడ్. పరీక్షలు దగ్గరపడితే అది కూడా లెక్కల మాస్టారి ఖాతాలోకే పోతుంది. 2024 జూన్‌లో ఇంటిల్లిపాదీ కలిసి డాబా మీద కూరగాయలు వేశాం. 2025 ఏప్రిల్ దాకా ఆ తోటలో వచ్చినవాటితోనే క్లాసులో రంగులు, అచ్చులు, బొమ్మలు చేయించాను. తోటి టీచర్లు కొందరు ఈ ఏడాది తామూ మొదలుపెడతామంటున్నారు. ఎంత ఖర్చయింది, దేనికి ఎన్నాళ్లు ఆగాల్సి వచ్చింది, ఎవరెవరితో మాట పడ్డాను, అన్నీ జరిగిన వరసలోనే రాస్తున్నాను.

మొదటి పని ఇంటి ఓనర్ గారిని ఒప్పించడం. మట్టీ విత్తనాలూ ఆ తర్వాతే. డాబా మీద మొక్కలు అనగానే ఆయనకు శ్లాబు నెమ్ము గుర్తొచ్చింది. "మీరు రేపు ఖాళీ చేసి వెళ్లిపోతారమ్మా, కారేది నా ఇల్లు" అన్నారు. ఆ మాటలో తప్పేం లేదు. బతిమాలగా బతిమాలగా కొన్ని షరతుల మీద ఒప్పుకున్నారు. సంచులు నేల మీద కాదు, ఇటుకల మీద పెట్టాలి. డాబా మధ్యలో కాదు, పిట్టగోడ వెంబడే ఉండాలి. మోటారు కరెంటుకు నెలకు 200 అదనం. పిట్టగోడ వెంబడి అన్నది మాకే మంచిదయింది. గోడల బలం, బీముల బలం అక్కడే ఉంటుంది. మట్టి నింపి తడిపిన పన్నెండంగుళాల సంచి ఇరవై కిలోల దాకా తూగుతుంది, నలభై సంచులంటే ఆలోచించాల్సిన బరువే.

తర్వాత మట్టి. మా చుట్టుపక్కల దొరికేదంతా నల్లరేగడి. పొలంలో పత్తికీ మిరపకూ అది బంగారం, సంచిలో మాత్రం తలనొప్పి. నీళ్లు పోస్తే బంకలా నిలబడిపోతుంది. ఆరితే బిగుసుకుపోయి సంచి అంచు నుంచి విడివడుతుంది, పోసిన నీళ్లు ఆ సందులోంచి నేరుగా కిందికి కారిపోతాయి. అందుకని ఎర్రమట్టి కొన్నాం. మా అత్తయ్యది దుగ్గిరాల పక్క పల్లెటూరు. పసుపు, అరటి, కంద పండే నేల మీద పుట్టి పెరిగిన మనిషి. మట్టి డబ్బులిచ్చి కొనుక్కోవడం ఆమెకు అన్నిటికంటే పెద్ద వింత. "ఇంకా నయం, ఎండ కూడా కొనమనలేదు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పారు.

లెక్కలు చెప్తాను. ఎర్రమట్టి ఆటో లోడు 1,400. దాన్ని రెండంతస్తులు పైకి మోసినందుకు కూలీ 800, ఇది మేం ముందు అనుకోలేదు. గ్రో బ్యాగులు నలభై, ఒక్కోటి 30. వర్మీకంపోస్టు రెండు బస్తాలు 900. కోకోపీట్ అంటే కొబ్బరి పీచు పొట్టు, ఐదు కిలోల దిమ్మలు మూడు 540. వేపపిండి 300, విత్తనాలు 350, నీళ్ల డ్రమ్ము 900. ఇటుకలు ఎదురింట్లో పాత గోడ కొడుతుంటే అడిగి తెచ్చుకున్నాం. మొత్తం 6,400 దరిదాపుల్లో తేలింది. కూరగాయల డబ్బు మిగుల్చుకుందామని తోట వేసేవాళ్లకు నా సలహా ఒకటే, మొదటి ఏడాది ఆ లెక్క వేసుకోకండి.

డ్రమ్ము ఎందుకంటే మా బోరు నీళ్లు ఉప్పు. కొన్నాళ్లు పోస్తే మట్టి పైన, సంచి అంచుల మీద తెల్లగా పొర కడుతుంది. తెల్లవారుజామున మున్సిపల్ నీళ్లు వచ్చినప్పుడు డ్రమ్ము నింపుకుని మొక్కలకు అవే పోశాం. ఈ డ్యూటీ మా అబ్బాయిది. ఎనిమిదో తరగతి, పొద్దున్నే లేవమంటే ఏడుపు. మొదటి బెండకాయ వచ్చేదాకా నేను చేసే తోట గురించి వాడికి బొత్తిగా నమ్మకం లేదు.

మృగశిర కార్తెలోనే, ఆరుద్ర రాకముందే విత్తనం పడాలని అత్తయ్య పట్టుబట్టారు. జూన్ మూడో వారంలో బెండ, గోంగూర, తోటకూర, కాకర, బీర వేశాం. బచ్చలికి విత్తనం అక్కర్లేకపోయింది, పక్కింటివాళ్ల తీగ ముక్కలు తెచ్చి గుచ్చాం. తోటకూర మూడో రోజుకే పచ్చగా కనిపించింది. గోంగూర, బెండ ఐదారు రోజులకు లేచాయి. కాకర విత్తనం పెంకు మందం, రాత్రంతా నానబెట్టినా వారం దాటింది. మా ఆయన మిరప కోల్డ్ స్టోరేజీలో అకౌంట్స్ చూస్తారు. సరుకు దింపడానికి వచ్చిన ఒక రైతు ఆగస్టులో నారు పోసినప్పుడు ఓ గుప్పెడు మొక్కలు పక్కన పెట్టి ఇచ్చారు.

ఇక క్లాసు. మొదట్లో నా దగ్గర కాయలు లేవు, మొలకలే ఉన్నాయి. సరే, మొలకలతోనే మొదలుపెడదామనుకున్నాను. జూలైలో ఆరో తరగతి వాళ్లకు గాజు గ్లాసుల్లో తడిపిన దూది పెట్టి బెండ, చిక్కుడు గింజలు వేయించాను. కాగితం వైపు చూడకుండా, కళ్లు మొలక మీదే ఉంచి, పెన్సిలు ఎత్తకుండా గీయమన్నాను. వచ్చే బొమ్మ వంకరటింకరగా ఉంటుంది, పిల్లలు నవ్వుకుంటారు. కానీ పుస్తకంలో చూసి దింపిన ఆపిల్ కంటే ఆ వంకర గీతలోనే వాళ్లు నిజంగా చూసింది ఎక్కువ ఉంటుంది. మొదట వచ్చే రెండాకులు ఒక రకం, తర్వాత వచ్చే అసలాకు ఇంకో రకం అని నేను చెప్పలేదు. ఇద్దరు ముగ్గురు బొమ్మలో వేరువేరుగా గీసి, "ఇది వేరే మొక్కదా టీచర్?" అని అడిగారు.

ఆగస్టులో బీర, కాకర తీగలు తాడెక్కాయి. ఒక రోజు పొద్దున బీరతీగ ముక్క ఒకటి తాడుతో సహా కోసుకుని వెళ్లాను, తాడును చుట్టి పట్టుకునే సన్నటి నులితీగ ఊడకుండా. ఏడో తరగతిలో బెంచీకొకటి చొప్పున ముక్కలు పెట్టి, నులితీగ ఒక్కటే పేజీ నిండా పెద్దదిగా గీయమన్నాను. గంట సగం గడిచాక వెనక బెంచీ అమ్మాయి లేచి తన బొమ్మ తప్పొస్తోందంది. సగం దాకా చుట్లు కుడికి తిరుగుతున్నాయట, తర్వాత ఎడమకు తిరుగుతున్నాయట, చెరిపి ఎన్నిసార్లు వేసినా కుదరడం లేదట. దగ్గరకు వెళ్లి చూస్తే తప్పు బొమ్మలో లేదు. నులితీగ ఒక కొస తాడును పట్టుకున్నాక రెండు కొసలూ కదలవు. అందుకని చుట్టుకునేటప్పుడు మధ్యలో ఒకచోట దిశ మార్చుకుంటుంది. ఆ మార్పు జరిగే చోట చిన్న వంపు, దానికి అటూ ఇటూ ఎదురెదురు చుట్లు. మిగిలినవాళ్లంతా ఒకే వైపు చుట్లు గీసి హాయిగా కూర్చున్నారు. అందరినీ మళ్లీ చూడమన్నాను. ఇన్నేళ్లుగా డ్రాయింగ్ చెప్తున్నాను, ఆ రోజు క్లాసులో వచ్చిన నిశ్శబ్దం ఇన్‌స్పెక్షన్ రోజున కూడా రాలేదు.

బెండ కాపు ఆగస్టు మొదటి వారంలో మొదలైంది, అంటే విత్తిన నలభై అయిదు రోజులకు. ఇంట్లో గొడవా అప్పుడే మొదలైంది. నాకు బెండకాయ అచ్చులు కావాలి. అడ్డంగా కోస్తే ఐదు గదుల నక్షత్రం, ఒక్కోసారి ఆరు గదులది కూడా వస్తుంది. పొద్దున కోసిన కాయలు సంచిలో వేసుకుంటుంటే అత్తయ్య చూశారు.

"అమ్మాయ్, అవి ఎక్కడికి?"

"స్కూలుకు అత్తయ్యా. రంగులో ముంచి అచ్చులు వేయిస్తాను."

"తినే కాయను రంగులో ముంచుతారా? నెలన్నర నీళ్లు మోసింది ఇందుకా?"

మా ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. నేను సంచి అక్కడే పెట్టి రెండు కాయలు మాత్రం పట్టుకుని వెళ్లాను. ఆ రెండు కాయలే నాకు పాఠం చెప్పాయి. లేత బెండకాయ కోసిన వెంటనే జిగురు ఊరుతుంది. పోస్టర్ కలర్ ఆ జిగురులో కలిసిపోయి కాగితం మీద నక్షత్రం బదులు మచ్చ పడుతుంది. రెండోసారి అద్దితే జారిపోతుంది. అదే మొక్క చివర ఆకుల చాటున కనబడక ముదిరిపోయిన కాయ ఉంటుంది చూడండి, నార పట్టి కూరకు పనికిరానిది, అది కోస్తే గోడలు గట్టిగా నిలబడతాయి, జిగురు ఉండదు. ఒక్క కాయతో సెక్షన్ మొత్తం అచ్చులు వేసుకోవచ్చు. కోసిన ముక్కల్ని ఒక గంట ఫ్యాను కింద ఆరబెడితే అచ్చు ఇంకా తేటగా పడుతుంది.

దాంతో ఇంట్లో ఒప్పందం కుదిరింది. కూరకు లేత కాయ, క్లాసుకు ముదురు కాయ. ఇక అప్పటి నుంచి ముదిరిన దొండ, మొలకెత్తిన బంగాళాదుంప, ఉల్లిపొట్టు, కూర తరిగాక మిగిలిన తోటకూర మొదళ్లు అన్నీ అత్తయ్యే ఒక గిన్నెలో వేసి పెట్టేవారు. అచ్చుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది మా తోటది కూడా కాదు, గెల కొట్టాక పడేసిన అరటి బోదె. తెనాలి వైపు నుంచి మా ఆడపడుచు పంపింది. అడ్డంగా కోస్తే లోపల గదులు గదులుగా వల అల్లినట్టు ఉంటుంది. నీరు ఎక్కువ కాబట్టి పూట ముందే కోసి నిలబెట్టి నీరు ఓడ్చాలి.

సెప్టెంబర్ మొదటి రోజుల్లో వాన. అప్పుడే విజయవాడలో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లు మునిగాయి. మా పిన్ని వాళ్లు ఆ నీళ్లలో ఉంటే ఇక్కడ మాకు తోట సంగతి గుర్తుకు కూడా లేదు. వాళ్లను మా ఇంటికి తీసుకొచ్చాక పైకి వెళ్లి చూస్తే సంచుల అడుగున రంధ్రాలు మట్టితో పూడి నీళ్లు నిలబడ్డాయి. మా ఆయన ఇనుప చువ్వతో ఒక్కో సంచికీ కింద పొడిచారు. టమాటా మొత్తం పోయింది. గోంగూర మాత్రం ఏం జరగనట్టు నిలబడింది.

వాన వెలిశాక పిండినల్లి, తెల్లగా పిండిలా అంటుకునే పురుగు. బెండ, గోంగూర, మందారం ఒకే కుటుంబం మొక్కలు, ఒకదానికి పడితే మూడింటికీ పడుతుంది. పాత టూత్ బ్రష్‌తో రుద్ది కడగడం, లీటరు నీళ్లకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట కొట్టడం, ఇంతకు మించి ఏమీ చేయలేదు. రెండు వారాలకు అదుపులోకి వచ్చింది. మిరపకు మాత్రం మా ఆయన కంగారు పడ్డారు. 2021–22లో నల్ల తామరపురుగు పడి రైతులు మిరప తోటలు పీకేయడం ఆయన దగ్గర నుంచి చూసిన మనిషి. పది మొక్కలకు కూడా ఆకు ముడత కనిపిస్తే ఆయనకు అదే టెన్షన్.

దాన్నీ క్లాసుకు పట్టుకెళ్లాను. తామరపురుగు నీలం రంగుకు వస్తుంది, తెల్లదోమ పసుపుకు వస్తుంది. పొలాల్లో కర్రలకు కట్టే నీలం, పసుపు జిగురు అట్టలు అందుకే. ఎనిమిదో తరగతి వాళ్లు విరిగిన పరీక్ష అట్టలు తెచ్చుకున్నారు. నీలంలో లేతది, ముదురుది, ఊదా కలిసినది, పసుపులో నిమ్మపండు రంగు, నారింజ కలిసినది, ఇలా ఎవరికి వారు కలుపుకుని పూశారు. రంగులు కలపడం ఎలాగూ సిలబస్‌లో ఉంది. కాకపోతే ఈసారి మార్కులు వేసేది పురుగు. మా డాబా మీద వేలాడదీసి వారం తర్వాత తిరిగి క్లాసుకు తెచ్చాను. మొదట ఆముదం రాశాం, అది దుమ్ము పట్టి మూడు రోజులకే ఎండిపోయింది. గుంటూరు దుమ్ము సంగతి తెలిసిందే. తర్వాత సైకిల్ షాపులో అడిగి గ్రీజు రాశాం, అది నిలబడింది. నిమ్మపండు పసుపు అట్ట నిండా దోమ, నారింజ పసుపు మీద చాలా తక్కువ. "మీ రంగు కంటే మా రంగు బాగుంది" అని పిల్లలు కొట్టుకోవడం ఎప్పుడూ ఉండేదే. ఈసారి సాక్ష్యం ఉంది.

దసరా సెలవుల తర్వాత గోంగూర పూతకొచ్చింది. గోంగూర ఎప్పుడు వేసినా పగలు తగ్గుముఖం పడితేనే పూస్తుంది. అత్తయ్య కొయ్యగా కొయ్యగా మిగిలిన మూడు సంచులు నేను ముందే మాట తీసుకుని కొయ్యకుండా ఉంచుకున్నాను. లేత పసుపు రేకలు, నడిమధ్య ముదురు మెరూన్ కన్ను. గీయడానికి అంతకంటే మంచి పువ్వు లేదంటాను నేను. చిక్కు ఒక్కటే. పొద్దున విచ్చుకుంటుంది, మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. నా పీరియడ్ ఏమో భోజనాల తర్వాత. తెలుగు టీచర్ గారిని అడిగి మొదటి పీరియడ్ మార్చుకున్నాను. బదులుగా ఆమెకు ఇచ్చింది కట్ట గోంగూర. స్కూల్ టైమ్‌టేబుల్ మార్చడం ఇంత సులువని అప్పటిదాకా తెలియదు.

నవంబర్‌లో బచ్చలి పండ్లు నల్లబడ్డాయి. నలిపితే చిక్కటి గులాబీ ఊదా రంగు వస్తుంది, కుంచెతో రాస్తే సిరాలాగే నడుస్తుంది. బీట్‌రూట్ రసం, శంఖుపూల నీళ్లు, బంతిరేకలు పటికతో ఉడికించిన పసుపు, చిక్కుడాకు రుద్దిన పచ్చ, అన్నీ వరసగా చేయించాం. శంఖుపూల నీలంలో నిమ్మరసం చుక్క పడగానే ఊదాగా, వంటసోడా పడితే పచ్చగా మారుతుంటే తరగతి గది దద్దరిల్లింది. ఆ శబ్దానికి పక్క క్లాసు టీచర్ తలుపు దగ్గరకు వచ్చి, చూసి, వాళ్ల పిల్లల్ని కూడా పిలిచారు.

ఇక్కడే పసుపు గొడవ చెప్పాలి. దుగ్గిరాల నుంచి వచ్చిన పసుపు మా ఇంట్లో డబ్బాలకు డబ్బాలు. సైన్స్ టీచర్ లిట్మస్‌కు బదులు చేయించే పసుపు కాగితం ఉంది కదా, దాన్నే మేం పెద్ద డ్రాయింగ్ షీటు మీద చేశాం. పసుపు నీళ్లు పూసి ఆరబెట్టి, సున్నపు తేటలో కుంచె ముంచి గీస్తే గీత ఎర్రగా వస్తుంది. ఆరో తరగతి వాళ్లకు గొప్ప సంబరం. ఆ రోజు తెల్ల యూనిఫాం రోజు. చొక్కాల మీద పసుపు పడింది. ఇంటికెళ్లాక అమ్మలు సబ్బు పెట్టారు. సబ్బు తగలగానే ఆ మరకలన్నీ ఎర్రగా మారాయి.

మర్నాడు పొద్దున గేటు దగ్గరే ఇద్దరు అమ్మలు, ఒక నాన్నగారు. ఒకావిడ రక్తం అనుకుని పిల్లాడి ఒళ్లంతా వెతికారట. ఇంకొకరు కెమికల్స్ ఏవో వాడిస్తున్నారని ప్రిన్సిపాల్ గారికి కాగితం రాసి ఇచ్చారు. ఆఫీసులో నిలబడి అది ఇంట్లో వాడే పసుపేనని, సబ్బులో ఉండే క్షారం తగిలి ఎర్రబడిందని, అది కుంకుమ చేసే పద్ధతేనని చెప్పాను. ఎవరూ పూర్తిగా నమ్మలేదు. నిమ్మకాయ తెప్పించి ఒక మరక మీద పిండాను. ఎరుపు పోయి మళ్లీ పసుపు వచ్చింది. నాన్నగారు నవ్వారు, కాగితం ఇచ్చినావిడ నవ్వలేదు. "పసుపు అయితే మాత్రం? చొక్కా 450 అండీ" అన్నారు. అదీ నిజమే. తడిపి రెండు మూడు రోజులు మంచి ఎండలో ఆరేయమని చెప్పాను. పసుపు రంగు ఎండకు నిలవదు. వారంలో మరకలు చాలామటుకు పోయాయి. ఆ వారం నాకు అన్నం సయించలేదంటే అబద్ధం కాదు. ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ టీచర్ ఉద్యోగం ఎంత గట్టిదో మీకు తెలియనిది కాదు.

ఎండకు నిలవదు అన్న మాట చొక్కాలను కాపాడింది గానీ నా గోడను ఖాళీ చేసింది. వరండాలో కిటికీల ఎదురుగా అంటించిన బొమ్మల్లో బీట్‌రూట్ రంగు వారం పది రోజుల్లో మట్టి రంగుకు తిరిగింది. బచ్చలి సిరా గోధుమ రంగయింది. పసుపు షీట్లు వెలవెలబోయాయి. అదే రంగులతో వేసి ఫైల్లో పెట్టినవి మాత్రం బాగానే ఉన్నాయి. పిల్లలు రెండూ పక్కపక్కన పెట్టి చూసి చాలా దిగులుపడ్డారు. ఫిబ్రవరిలో ఎగ్జిబిషన్ పెట్టాలని అప్పటికే ప్రిన్సిపాల్ గారు అన్నారు. అప్పటిదాకా నిలబడే రంగు కావాలి.

నిలబడే రంగు మన పెడన కలంకారీ వాళ్ల దగ్గర ఉంది. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేసిన గుడ్డ మీద తుప్పు నీళ్లతో అద్దితే నలుపు వస్తుంది, ఉతికినా పోదు. డిసెంబర్ మొదటి వారంలో మొదలుపెట్టాం. వెల్డింగ్ షాపులో అడిగి తెచ్చిన తుప్పు మేకులు, ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కలిపి మట్టి కుండలో పోసి మూత వదులుగా పెట్టాం. మూడు వారాలు ఆగాలి. రెండో వారానికి నురగ, పులిసిన వాసన. ఓనర్ గారు పైకొచ్చి, "ఏం కాస్తున్నారమ్మా ఇక్కడ?" అని అడిగారు. ఆయన గొంతులో అనుమానం తెలుస్తూనే ఉంది. మేకులు చూపించాక శాంతించారు.

కరక్కాయలు పట్నం బజారులో పచారీ కొట్లో కిలో 180కి దొరికాయి. గాడా గుడ్డ ఆరు గజాలు 540. గుడ్డలో గంజి పోయేదాకా ఉతకాలి, లేకపోతే రంగు పట్టదు. ఉతికాక కరక్కాయ పొడి నానిన నీళ్లలో ముంచి నీడన ఆరేస్తే లేత పసుపు ఛాయ వస్తుంది. తుప్పు నీళ్లు పల్చగా ఉండి అద్దితే గుడ్డ మీద పాకుతాయి, తుమ్మబంక కలిపి చిక్కబరచాలి.

సంక్రాంతి సెలవులు అవగానే తొమ్మిదో తరగతిలో కుండ మూత తీశాం. వాసనకు ముందు వరస ముక్కు మూసుకుంది. కుండలో ఉన్నది మురికి బూడిద రంగు నీళ్లు. "ఇదా టీచర్ నలుపు?" అన్నారు. ముదురు బెండకాయ ముక్క అందులో అద్ది గుడ్డ మీద నొక్కాను. తీసిన క్షణంలో ఐదు రేకల పల్చటి నీలి బూడిద మరక. చూస్తుండగానే అంచుల నుంచి మొదలై నల్లబడుతూ వచ్చింది. అరనిమిషంలో కాటుక నలుపు. కరక్కాయలోని వగరు, ఇనుము కలిసి చేసే పని అది. ఎంతమంది నొక్కినా ప్రతిసారీ అందరూ వంగి చూశారు.

గుడ్డ మీద ఏం వేయాలన్నది వాళ్లే తేల్చారు. 2018లో రాష్ట్ర చిహ్నంగా తీసుకున్న అమరావతి పూర్ణఘటం వాళ్లకు ప్రభుత్వ కాగితాల మీద రోజూ కనిపించేదే. ఆ కుండలోంచి పొంగే తామరల స్థానంలో మా డాబా మీదవి వేద్దామన్నారు. గోంగూర పువ్వు, బెండ పువ్వు, బచ్చలి తీగ, రెండు వైపులా చుట్లు తిరిగిన నులితీగలు, కింద అంచుకు బెండ నక్షత్రాలు, అరటి బోదె వల. కుండ మెడ కింద మిరపకాయల దండ. గుంటూరు వాళ్లం, అది లేకపోతే ఎలా అన్నారు. నెల పట్టింది, వారానికి ఒక్క పీరియడే కాబట్టి. చివర్లో లెక్కల మాస్టారే రెండు పీరియడ్లు ఇచ్చారు. ఆయన ఇవ్వడం నేను చూడటం అదే మొదలు.

ఫిబ్రవరి 22, శనివారం ఎగ్జిబిషన్. గుడ్డను మెట్ల దగ్గర వేలాడదీశాం. నీలం, పసుపు అట్టలు పురుగులతో సహా పెట్టాం, వాటి దగ్గరే జనం ఎక్కువ. ఇద్దరు మిరప రైతులు, పిల్లల తండ్రులే, ఏ నీలానికి ఎక్కువ పడ్డాయని పిల్లల్ని నిలబెట్టి అడిగారు. వెలిసిన బొమ్మల్ని దాచలేదు. ఫైల్లో ఉంచినవి, కిటికీ దగ్గర ఉంచినవి జతలు జతలుగా అంటించాం. అత్తయ్యను కూడా తీసుకెళ్లాను. ఆమె పూర్ణఘటం ముందు చాలాసేపు నిలబడి, అంచులోని నక్షత్రాల్ని వేలితో తాకి, "ఇవన్నీ మన ముదురు కాయలేనా" అని అడిగి, పక్కనున్న పిల్లాడితో గోంగూర పువ్వుకు రేకలు సరిగ్గా ఐదే వేశావా అని లెక్కపెట్టించారు.

మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు. మా డాబా పని కూడా అప్పటికి అయిపోవచ్చింది. 1,100 పెట్టి సగం నీడనిచ్చే పచ్చ నెట్ కట్టాం, అయినా ఏప్రిల్ ఎండకు మిరప తప్ప ఏదీ నిలబడలేదు. ఈసారి మార్చి తర్వాత కొత్తగా ఏమీ వేయను. స్కూలు వైపు నుంచి ఖర్చు లెక్క అడిగితే రంగులు, గుడ్డ, కరక్కాయ కలిపి 1,300 చూపించాను. ప్రిన్సిపాల్ గారు అది ఇచ్చి, కుళాయి వెనక ప్రహరీ పక్కన సన్నటి చోటు కూడా జూన్ నుంచి వాడుకోమన్నారు. పసుపు పని మాత్రం రంగు యూనిఫాం రోజే.

ఆఖరి పీరియడ్లలో విత్తనాల కవర్లు చేయించాను. పాత పరీక్ష పేపర్లు మడిచి కవరు, ముందు వైపు మొక్క బొమ్మ, వెనక ఎప్పుడు విత్తాలి, ఎన్నాళ్లకు మొలుస్తుంది. గోంగూర, బెండ, తోటకూర కవర్లు కావలసినన్ని నిండాయి. కాకర కవర్లు బొమ్మతో అందంగా తయారై ఖాళీగా మిగిలాయి. అత్తయ్య వేపుళ్లకు ఒక్క కాయ కూడా పండనివ్వలేదు. ఈ జూన్‌లో కొత్త షరతు రాసుకున్నాం. తీగకు రెండు కాయలకు ఎర్ర దారం కడతాం, దారం ఉన్న కాయ జోలికి కూర కోసం ఎవరూ వెళ్లకూడదు. అత్తయ్య సరేనన్నారు. ఆ మాట మీద ఉంటారో లేదో ఆగస్టులో తెలుస్తుంది.